రోజూ తలనొప్పి, రోజూ మాత్ర: ఎమ్మారై కన్నా ముందు చూడాల్సింది

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. వయసు 31, విశాఖపట్నం రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో సగం నైట్ షిఫ్టు. ఇంటర్ చదివేప్పటి నుంచే అప్పుడప్పుడు కుడి కణత దగ్గర పట్టుకునే తలనొప్పి, ఈ ఏడాదిగా దాదాపు రోజూ. సైనస్ అన్నారని ఆవిరి పట్టారు, కళ్ళద్దాలు మార్చారు, సీటీ తీయిస్తే నార్మల్ అని వచ్చింది, ఇదంతా వంట ఎగ్గొట్టే నాటకమని మీ అత్తగారి అనుమానం, ఇప్పుడు ఎమ్మారై తీయించుకోవాలా, అమృతాంజనం రాసుకోవచ్చా అని మీ ప్రశ్నలు. అయితే మధ్యలో ఒక్క లైను రాసి వదిలేశారు చూడండి, "పొద్దున్నే ఒక మాత్ర పడితేగానీ మంచం దిగలేను" అని, నాకు మిగతా అన్నిటికన్నా ఆ లైనే ముఖ్యంగా కనిపించింది. గాజువాక వైపు జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు నాది, స్టీల్ ప్లాంట్ షిఫ్టులవాళ్ళు, ఆటోనగర్ వాళ్ళు, ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు తలనొప్పి అని రాని రోజంటూ ఉండదు, వాళ్ళలో రోజూ నొప్పి అనేవాళ్ళ బ్యాగులో చెయ్యి పెడితే మాత్రల స్ట్రిప్ దొరక్కపోవడం అరుదు.

ముందు అసలు నొప్పి ఎక్కడ పుడుతుందో చెప్తాను, ఎందుకంటే "తలలో ఏదో ఉంది డాక్టర్ గారూ" అనే భయంతోనే సగం మంది స్కానింగ్ సెంటర్లకి పరిగెడతారు. మెదడుకి నొప్పి తెలీదు. దాని చుట్టూ ఉండే పొరలకి, రక్తనాళాలకి, మెడ కండరాలకి, పుర్రె మీద చర్మానికి తెలుస్తుంది. ముఖం, కన్ను, నుదురు, ఈ పొరలు అన్నిటి నుంచీ కబురు మోసేది ట్రైజెమినల్ అనే నరం. మైగ్రేన్‌లో ఈ నరం ఊరికే రెచ్చిపోయి సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని వదులుతుంది, దాంతో రక్తనాళాల చుట్టూ వాపులాంటిది వచ్చి కణత టపటపా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఈ సంగతి బయటపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకి 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. అంటే ఇది మనసులో పుట్టిన నొప్పి కాదు, వంట ఎగ్గొట్టడానికి వేసే నాటకమూ కాదు, మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి, నా పేరు చెప్పినా పర్లేదు.

మీ వర్ణన చూస్తే మైగ్రేన్ అని గట్టిగానే అనిపిస్తోంది. ఒక పక్కే, టపటపా కొట్టుకుంటూ, మెట్లెక్కితే ఇంకా ఎక్కువవుతుంది, వికారం, లైటు చూడలేరు, టీవీ సౌండు భరించలేరు, చీకటి గదిలో పడుకుంటే కొంచెం నయం, మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా లాగుతుంది. ఇలాంటివి కనీసం ఐదుసార్లు వస్తే మైగ్రేన్ అంటాం, దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్‌లో కనపడదు, మీరు చెప్పే కథే పరీక్ష. మా వైపు పెద్దవాళ్ళు దీన్నే పైత్యం తలనొప్పి అంటారు, వాంతి అయిపోతే తేలికపడుతుంది కాబట్టి కడుపులోనే ఏదో ఉందనుకుంటారు. నిజానికి మైగ్రేన్ మొదలయ్యాక పొట్ట పని మందగిస్తుంది, మింగిన మాత్ర కూడా అక్కడే ఉండిపోతుంది, లేటుగా వేసుకుంటే పనిచెయ్యకపోవడానికి అదొక కారణం. కొంతమందికి నొప్పికి ముందు ఓ ఇరవై నిమిషాలో అరగంటో కళ్ళముందు మెరుపుల్లాగా వంకర గీతలు కనిపిస్తాయి, దాన్ని ఆరా అంటాం. మీకు ఉందో లేదో రాయలేదు, ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఎందుకో కింద వస్తుంది.

సైనస్ గురించి. మన ఊళ్ళో ఎవరిని అడిగినా "నాకు సైనసండి" అంటారు, సముద్రం గాలి, చెమ్మ, పొల్యూషన్ అన్నీ కలిపి ఆ ఒక్క పేరు మీద రాసేస్తారు. నిజంగా సైనస్ ఇన్ఫెక్షన్ అయితే చిక్కటి పసుపు ఆకుపచ్చ చీమిడి, ముక్కు బిగుసుకుపోవడం, వాసన తెలియకపోవడం, జ్వరం ఉంటాయి, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఏళ్ళ తరబడి నెలకి నాలుగుసార్లు వచ్చి వాంతితో పోయేది సైనస్ కాదు. మైగ్రేన్‌లో కూడా అదే నరం వల్ల కన్ను నీరు కారొచ్చు, ముక్కు దిబ్బడ వెయ్యొచ్చు, అందుకే పొరబడతారు. సైనస్ తలనొప్పి అనుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి తేలేది మైగ్రేనే. కళ్ళద్దాల పవర్ తేడా ఉంటే సాయంత్రానికి కళ్ళు లాగుతాయి, నుదురు బరువెక్కుతుంది, అంతేగాని వాంతులయ్యేంత నొప్పి రాదు. బీపీ కూడా అంతే, 150 ఉందని తల నొయ్యదు, పై అంకె 180, కింది అంకె 120 దాటి ఎగబాకినప్పుడు రావొచ్చు. నొప్పితో ఉన్న మనిషికి బీపీ చూస్తే ఎలాగూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది చూసి బీపీ వల్లే నొప్పి అనుకోవడం తలకిందుల లెక్క.

ఇప్పుడు మాత్రల సంగతికొద్దాం. మెడికల్ షాపుకి వెళ్ళి "తలనొప్పి మాత్రలు నాలుగు ఇచ్చీయండి" అంటే కత్తెరతో నాలుగు కత్తిరించి ఇస్తాడు, పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళని ఏం వేసుకుంటున్నారమ్మా అంటే చేతిలో పెట్టేది వెండి రంగు రేకు ముక్క, వెనక సగం తెగిన రెండక్షరాలు. అందులో పారాసెటమాల్ ఒక్కటే ఉందో, కెఫీన్ కలిసుందో, రక్తనాళాల్ని బిగించే ఎర్గోటమైన్ ఉందో ఎవరికీ తెలీదు. ఆ తేడా చాలా పెద్దది. ఎందుకంటే నొప్పి మందులే ఎక్కువ రోజులు వాడితే అవే రోజువారీ తలనొప్పి తెచ్చిపెడతాయి. దీనికి లెక్క ఉంది: ఉత్త పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, కెఫీన్ కలిసిన మాత్రలు, ఎర్గోటమైన్, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మందులు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులైతే 10 రోజులే చాలు, అలా మూడు నెలలు దాటి వాడుతూ, నెలలో 15 రోజులకి తగ్గకుండా తలనొప్పి ఉంటే, మాత్రల వల్ల వచ్చే తలనొప్పి అంటారు. గమనించండి, ఎన్ని మాత్రలు అని కాదు, ఎన్ని రోజులు అని. ఒకే రోజు మూడు వేసుకోవడం కన్నా రోజుకొకటి చొప్పున నెలంతా వేసుకోవడమే ఇక్కడ దెబ్బతీసేది. అప్పటికే మైగ్రేన్ ఉన్నవాళ్ళకే ఇది ఎక్కువగా అంటుకుంటుంది, నడుం నొప్పికో కీళ్ళ నొప్పికో రోజూ మాత్ర వేసుకునే మనిషికి, తలనొప్పి తత్వం లేకపోతే, సాధారణంగా రాదు.

అప్పు మీద వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు తీసుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. రాత్రి వేసుకున్న మందు తెల్లారేసరికి దిగిపోతుంది, దిగగానే మెదడు నొప్పితో లేస్తుంది, మళ్ళీ మాత్ర. మీరు పొద్దున్నే నొప్పితో లేస్తున్నారంటే నా అనుమానం ఇదే. నైట్ షిఫ్టులో తాగే నాలుగైదు కాఫీలు కూడా ఇందులో భాగమే, కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో దానికదే తలనొప్పి తెస్తుంది, వీక్లీ ఆఫ్ రోజు మధ్యాహ్నందాకా పడుకుంటే తల పగిలిపోతుంది అనేవాళ్ళకి చాలాసార్లు ఇదీ, నిద్ర లెక్క తప్పడమూ రెండూ కలుస్తాయి.

మరి ఎలా ఆపాలి అంటే, పారాసెటమాల్ లాంటివైతే ఒక రోజు చూసుకుని ఆపేయొచ్చు, ట్రమడాల్, నిద్రమాత్రలు కలిసుంటే మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. ఆపిన మొదటి వారం పది రోజులు నొప్పి ముందుకన్నా ఎక్కువవుతుంది, వికారం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ ఉంటాయి, చాలామంది ఇక్కడే "మందు మానేస్తే ఇంకా ఎక్కువైందండీ" అని మళ్ళీ మొదలెట్టేస్తారు. అందుకే నేను ఆపమనే రోజునే నివారణ మందు, అంటే నొప్పి రాకుండా రోజూ వేసుకునేది, కూడా మొదలుపెడతాను, వీలైతే సెలవు చూసుకోమంటాను, ఆఫీసు డెడ్‌లైన్ వారంలో ఈ పని పెట్టుకోవద్దు. ఓ రెండు నెలలకి తేడా తెలుస్తుంది. నొప్పి పూర్తిగా పోతుందని చెప్పను, రోజూ ఉండే మొద్దు నొప్పి విడిపోయి కింద అసలు మైగ్రేన్ మిగులుతుంది, నెలకి మూడో నాలుగో, దానికి వైద్యం తేలిక.

నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది ఒక రకం, రాకుండా రోజూ వేసుకునేది ఇంకో రకం, జనం ఈ రెండూ కలిపేస్తారు. మొదటి రకం నొప్పి మొదలైన వెంటనే సరైన డోసులో వేసుకోవాలి, "భరిద్దాంలే" అని సాయంత్రం దాకా ఆగి ఒక చిన్న మాత్ర వేసుకుంటే అది ఏం చేస్తుంది చెప్పండి. నాప్రోక్సెన్ గానీ ఐబుప్రోఫెన్ గానీ, అల్సర్, కిడ్నీ జబ్బు లేనివాళ్ళకి, తిన్న తర్వాత. వాంతి ఉంటే డోంపెరిడోన్ లాంటిది తోడు. పెద్దవాళ్ళకి పారాసెటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి లెక్కేయాలి. వీటితో తగ్గకపోతే సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ ఉన్నాయి, మైగ్రేన్ కోసమే తయారైన మందులు, కానీ గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకి, బీపీ అదుపులో లేనివాళ్ళకి పనికిరావు. ఎర్గోటమైన్ కలిసిన మాత్రలు మన దగ్గర ఇంకా అమ్ముతూనే ఉన్నారు, రక్తనాళాల్ని బిగించేస్తాయి, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిస్తే చేతివేళ్ళు, కాలివేళ్ళకి రక్తం అందనంత ప్రమాదం, ట్రిప్టాన్ వేసుకున్నాక 24 గంటల్లోపు అసలు వేసుకోకూడదు. షాపులో చీటీ లేకుండా అడిగి తీసుకునే మందు కాదు అది. ఏదైనా సరే వారానికి రెండు రోజులు మించకుండా చూసుకోండి.

రెండో రకం, నెలకి నాలుగుకి మించి వస్తుంటేనో, వచ్చినప్పుడల్లా పని ఆగిపోతుంటేనో. ప్రొప్రనొలాల్ బీపీ మందు, ఆస్తమా ఉంటే వద్దు. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట చిన్న డోసు, గూగుల్‌లో వెతికి "ఇది డిప్రెషన్ మందు, నాకు పిచ్చా" అని మానేసినవాళ్ళు బోలెడుమంది, అదే మందు తక్కువ డోసులో నొప్పి దారుల్ని శాంతపరుస్తుంది, నోరెండిపోవడం, కొంచెం మత్తు ఉంటాయి. ఫ్లునారిజిన్‌తో బరువు పెరుగుతారు, కొందరికి దిగులు కమ్మేస్తుంది, నెలల తరబడి వదిలేసే మందు కాదు. టోపిరమేట్‌తో బరువు తగ్గుతారు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, నోటిదాకా వచ్చిన మాట దొరకదు, మీలాగా రోజంతా మీటింగుల్లో మాట్లాడాల్సినవాళ్ళు ముందే తెలుసుకోవాలి. ఏది మొదలెట్టినా రెండు మూడు నెలలు ఆగి చూడాలి, వారంలో పనిచెయ్యలేదని డాక్టర్ని మార్చేస్తే ప్రతి డాక్టరు దగ్గరా అదే మొదటి వారం మళ్ళీ మొదలవుతుంది. నేను పైన చెప్పిన సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018లో అమెరికాలో మొదట అనుమతి పొందాయి, ఇక్కడా దొరుకుతున్నాయి, నెలకొకటి, ఖరీదెక్కువ, మిగతావి పనిచెయ్యనప్పుడు ఆలోచించే దారి.

ఇక నొప్పిని రేపేవి. చాక్లెట్ తినకండి, వంకాయ తినకండి లాంటి పెద్ద లిస్టులు నేనివ్వను, తిండి మానేసి నీరసంతో ఇంకో నొప్పి తెచ్చుకుంటారు. మన ఇళ్ళల్లో నేను ఎక్కువగా చూసేవి ఉపవాసం, ఎండ, నిద్ర చెదరడం, నెలసరి, తలస్నానం. తలస్నానం అంటే నవ్వకండి, ముంబైలో తలనొప్పి వైద్యం చేసే డాక్టర్ కె. రవిశంకర్ గారు తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి 2006లో వైద్య పత్రికలో రాశారు. మా పేషెంటు ఒకావిడకి శుక్రవారం శుక్రవారం వచ్చేది, అమ్మవారి శాపమని వాళ్ళింట్లో అనుకున్నారు, చూస్తే పొద్దున్నే తలంటు, తడి జుట్టు ముడేసుకుని పూజ, మధ్యాహ్నం రెండింటి దాకా కాఫీ కూడా లేని ఉపవాసం. తలంటు గురువారం సాయంత్రానికి మార్చి, జుట్టు బాగా ఆరబెట్టి, శుక్రవారం పాలూ పండూ తీసుకోమన్నాం, దేవుడికీ ఆవిడకీ ఇద్దరికీ ఇబ్బంది లేకుండా సర్దుకుంది. సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ కూడా అలాంటిదే, 32 కిలోమీటర్లు, ఆషాఢం ఉక్కపోతలో మధ్యాహ్నం బయల్దేరి రాత్రంతా నడిస్తే ఎండా, చెమటా, నిద్రలేమీ, ఖాళీ కడుపూ అన్నీ ఒకేసారి పడతాయి. వెళ్ళొద్దనను, సాయంత్రం చల్లబడ్డాక మొదలెట్టండి, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పెడుతూనే ఉంటారు, మొహమాటపడకుండా తినండి, మీ మాత్ర జేబులో ఉంచుకోండి. బిగుతు హెల్మెట్ ఒత్తిడికి కూడా తలనొప్పి వస్తుంది, మద్దిలపాలెం నుంచి రుషికొండ దాకా బండి మీద వెళ్ళేవాళ్ళు సరైన సైజు చూసుకోండి, అంతేగాని హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించొద్దు.

అమృతాంజనం రాసుకోవచ్చా అన్నారు, నిక్షేపంగా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలెట్టినప్పటి నుంచీ రాస్తూనే ఉన్నాం, చల్లదనం తెలిసి కాస్త హాయిగా ఉంటుంది, రోజూ రాసినా మాత్రల్లాగా తిరగబడదు. కంట్లో పడకుండా చూసుకోండి, పసిపిల్లలకి మాత్రం వద్దు.

అన్నీ మైగ్రేన్లే కావు. తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు వైపులా ఉండి, వాంతి లేకుండా, పని చేసుకోగలిగేంతలో ఉండేది టెన్షన్ తలనొప్పి, మెడ ఎక్సర్‌సైజులు, నడక, నిద్రతో చాలావరకు సర్దుకుంటుంది. ఒక కంటి చుట్టూ పొడిచినట్టు వచ్చి ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతూ, పడుకోలేక గదంతా తిరిగేలా చేసి, పావుగంట నుంచి మూడు గంటల్లో పోయి, వారాల తరబడి అర్ధరాత్రి అదే టైముకి వచ్చేది క్లస్టర్ తలనొప్పి. ఎక్కువగా మగవాళ్ళకి. దానికి మాస్కుతో నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల ఆక్సిజన్ పెడితే చాలామందికి పావుగంటలో దిగుతుంది, ఇది తెలియక పళ్ళు పీకించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఎమ్మారై ఎప్పుడు కావాలి, ఎప్పుడు పరిగెత్తాలి అన్నది ఇప్పుడు చెప్తాను. ఒక్క నిమిషంలోపే తారస్థాయికి వెళ్ళిపోయే నొప్పి, జీవితంలో ఎప్పుడూ చూడనంతది, మెదడు చుట్టూ రక్తస్రావం కావొచ్చు, మాత్రలు వెతక్కుండా 108కి ఫోన్ చెయ్యండి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడటం, ఫిట్స్, మనిషి మత్తుగా అయిపోవడం, తలకి దెబ్బ తగిలాక పెరిగే నొప్పి, ఇవన్నీ అదే రోజు ఆసుపత్రి. 50 ఏళ్ళు దాటాక మొదటిసారి మొదలైన నొప్పి, దగ్గినా వంగినా పెరిగేది, పడుకుంటే ఎక్కువై లేస్తే తగ్గేది, చూపు మసకబారడం, క్యాన్సర్ ఉన్నవాళ్ళకి కొత్తగా వచ్చేది, వీళ్ళకి స్కాన్ చేయించాల్సిందే. గర్భిణికి ఐదో నెల దాటాక తలనొప్పి వస్తే ముందు బీపీ చూడాలి. బాలింతల గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను, మంచినీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని నీళ్ళు కట్టేస్తారు కొన్ని ఇళ్ళల్లో, కాన్పు తర్వాత రక్తం చిక్కగా ఉండే రోజులవి, మెదడులోని సిరల్లో గడ్డ కట్టే జబ్బు అప్పుడే వస్తుంది, రోజురోజుకీ పెరిగే తలనొప్పితో మొదలవుతుంది. పూజలకనీ, తీర్థయాత్రలకనీ నెలసరి వాయిదా మాత్రలు వేసుకుని, సరిగ్గా నీళ్ళు తాగకుండా తిరిగినవాళ్ళలో కూడా ఇది చూస్తుంటాం. ఆరా ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది, అందుకే ఆరా సంగతి చెప్పమన్నాను.

మీకు పైవేవీ లేవు, పదిహేనేళ్ళ నాటి నొప్పి, సీటీ నార్మల్. డాక్టరు నరాల పరీక్ష చేసి టార్చిలాంటి పరికరంతో కంటి లోపలి వెనక భాగం చూసి బాగుందంటే ఎమ్మారై అక్కర్లేదు. తీయిస్తే తలనొప్పి లేనివాళ్ళలో కూడా కనిపించే ఏదో తెల్లచుక్క రిపోర్టులో రాస్తారు, దాని గురించి ఇంకో ఆరు నెలలు నిద్రపట్టదు. ఆ డబ్బుతో ముందు ఒక గోడ క్యాలెండర్ చాలు, నొప్పి వచ్చిన రోజు గీత, మాత్ర వేసుకున్న రోజు సున్నా, నెలసరి రోజు చుక్క, నైట్ షిఫ్టుకి న. ఒక నెల పెట్టి న్యూరాలజిస్టు దగ్గరికో మంచి ఫిజీషియన్ దగ్గరికో పట్టుకెళ్ళండి, ఖర్చు ఇబ్బందైతే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళాలి, రద్దీ ఉంటుంది, కాస్త ఓపిక పట్టాలి. పాత చీటీలు, ఇంట్లో ఉన్న రేకు ముక్కలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. ఇంకొకటి, పిల్లల కోసం అనుకుంటున్నారేమో మీరు రాయలేదు, అనుకుంటుంటే మొదటి విజిట్‌లోనే చెప్పేయండి, టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ అనే నివారణ మందులు గర్భంలో బిడ్డకి హాని చేస్తాయి, ఆ వివరం తెలిస్తే చీటీ మీద రాసే మందే మారిపోతుంది.